పుస్తకం కొమ్మ

ఇవాళ పొద్దున టీ పెడుతుంటే వాకిట్లోంచి మా అత్త కేకేసింది. "మబ్బు పట్టింది. నీ పుస్తకం కొమ్మకు టార్పాలిన్ కట్టు, లేకుంటే మళ్ల లొల్లి పెడ్తవ్." స్టవ్ ఆపేసి పరుగెత్తాను. ద్రాక్షతీగకు పుస్తకం కొమ్మ ఏమిటని కొత్తవాళ్లు అడుగుతారు.

గౌలిపురలో మాది పాడి ఇల్లు. బర్రెల కొట్టానికి కప్పుగా ఉన్న ద్రాక్ష పందిరి, మా అత్త పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటి పెంచినది. పేడ ఎరువుకు కొదవ లేదు. దసరా దాటగానే ఆమె కత్తి పట్టి తీగను బోడి చేసేది, శివరాత్రి దాటాక పండ్లు దిగేవి. నేను కోడలిగా వచ్చేనాటికి నా బడి ఎనిమిదో తరగతిలోనే ఆగింది గానీ చదువు ఆగలేదు. ఇళ్లకు పాలు పోసి వస్తూ గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. అక్కడ దొరికిన ఓ లావుపాటి తోటపని పుస్తకంలో, ద్రాక్షను చలి పోయే ముందు కత్తిరించాలని, అప్పుడది వసంతంలో పూస్తుందని ఉంది. అంతే, ఆ దసరాకు అత్త చేతిలో కత్తి లాక్కున్నంత పని చేశాను.

"రాసినాయన మన గల్లీ చూసిండా?" అంది అత్త. చూడలేదు. అదంతా మంచు కురిసే దేశాల సంగతని ముందుమాటలోనే రాశాడు. ముందుమాటలు చదివే అలవాటు నాకు అప్పటికి లేదు. పైగా ముందటేడు కాపు కూడా అంతంత మాత్రమే. "ఈ ఏడు గిన కాయకపోతే పీకేసి రేకులేస్తా. బర్రెలు తడుస్తున్నయ్," అని మా ఆయన తేల్చేశాడు.

సంక్రాంతి పోయాక నేను కత్తిరించిన తీగ ఫాల్గుణంలో పూసింది. ద్రాక్ష పువ్వును పువ్వని నమ్మడం కష్టం. ఆవగింజంత పచ్చటి మొగ్గ, తల మీది టోపీ ఊడిపడితే నాలుగైదు తెల్లటి కేసరాలు, పేడ వాసనలోనూ తెలిసే సన్నటి తీపి వాసన. ఇదంతా నేను అత్తకు పుస్తకం భాషలో వివరిస్తుండగానే నాలుగో రోజు మధ్యాహ్నం ఆకాశం నల్లబడింది. పూత మీద వాన పడితే పుప్పొడి కొట్టుకుపోతుంది, కాయ కట్టదు. అదీ ఆ పుస్తకం చెప్పిందే.

అత్త కొట్టంలోకి పరుగెత్తింది. బర్రెల మీద కప్పే గోనెపట్టాలు తెచ్చి నిచ్చెన ఎక్కింది. లాడ్ బజార్‌లో గాజులమ్మే పక్కింటి భాయ్, పెట్టెలకు చుట్టే ప్లాస్టిక్ షీట్లతో వచ్చాడు. "అమ్మా, నువ్వు దిగు, నేను కడ్తా. ఫికర్ నక్కో, ఏం కాదు." మా ఆయన "రేకులేస్తే ఈ తిప్పలే ఉండకపోతుండె" అని గొణుగుతూనే నిచ్చెన పట్టుకున్నాడు. సగం తీగే కప్పగలిగాం. వాన వెలిశాక అత్త ఒక్కో గుత్తినీ పట్టి, దూడ మూతి తుడిచినంత నిదానంగా నీళ్లు దులిపింది.

ఎండాకాలం చివరికి ఏడు గుత్తులొచ్చాయి, అవీ పళ్లూడిన నోళ్లలా సందులతో. అత్త ఒకటి పళ్లెంలో పెట్టి కొడుకు ముందుంచింది.

"కాసిందా, లేదా?"

ఆయన ఒక పండు నోట్లో వేసుకుని, పులుపుకు కళ్లు చికిలించి, "కాసింది," అన్నాడు. రేకులకు బదులు బర్రెలకు టార్పాలిన్ కొన్నాడు.

మరుసటి దసరాకు కత్తి నేనే అత్తకు అందించాను. ఆమె తీగంతా కత్తిరించి తూర్పు వైపు ఒక్క కొమ్మ వదిలేసింది. "గిది నీ పుస్తకానిది. చలి పోంగ నువ్వే కోసుకో."

మిగతా తీగ పండ్లు మొన్ననే దించాం. ఆ ఒక్క కొమ్మ ఇప్పుడు పూత మీద ఉంది. టార్పాలిన్ కట్టి దిగి, చల్లారిన టీ మళ్లీ వెచ్చబెట్టుకుని, ఇద్దరం పందిరి కింద కూర్చున్నాం. ఒక్క తీగ మీదే నాకు ఏటా రెండు కాలాలు వస్తాయి: ఒకటి అత్తకు తెలిసినది, ఇంకొకటి నేను పొరపాటున తెచ్చుకున్నది.