ముగ్గుల నడుమ బాట

మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరిన ఏడాది నాకు లారీలంటే భయం పట్టుకుంది. మా ఇల్లు ఆర్మూర్‌లో పెద్ద రోడ్డు మీదే. పసుపు బస్తాల లారీలు, మక్కజొన్నల లారీలు పొద్దస్తమానం పోతూనే ఉండేవి. రోడ్డు పక్కన మట్టి బాట ఉంది గాని, అది పేరుకే. చాయ్ హోటల్‌లో వాడి పారేసిన చాయ్‌పత్తి, కోడిగుడ్ల పెంకులు, చిరిగిన గోనె సంచులు, బీడీలు చుట్టే ఇళ్లలో కత్తిరించి పారేసిన ఆకు ముక్కలు, అన్నీ దాని మీదే. బడి పిల్లలు ఆ చెత్తను తప్పించుకుంటూ తారు రోడ్డెక్కి నడిచేవారు. చిన్నవాణ్ణి చంకనేసుకొని రోజూ అమ్మాయి వెనకే బడిదాకా పోయేదాన్ని. దుబాయిలో ఉన్న మా ఆయనకు ఉత్తరానికి బదులు నెలనెలా మాటలు రికార్డు చేసి పంపే క్యాసెట్‌లో మాత్రం అందరం బాగున్నామనే చెప్పేదాన్ని.

డిగ్రీ చదివినదాన్ని కదా, ఎవరికి దరఖాస్తు పెట్టాలా అని ఆలోచిస్తుంటే, బీడీలు చుట్టే పక్కింటి అక్క నవ్వింది.

“కాయితం ఊడుస్తదా చెల్లె? చీపురు పట్టు, నేనొస్త.”

మొదటి ఆదివారం ఆరుగురం. ఎత్తిన కుప్పలో సగం బీడీ ఆకే. అక్క దాన్ని చూసి, “గిదంత మాదే గదనే” అని తల గోక్కుంది. రెండో ఆదివారం వెనక వీధి ముస్లిం పెద్దమ్మ, మేమంతా ఖాలా అని పిలిచే ఆమె, తన ఇద్దరు కోడళ్లనూ, ఒక పారనూ వెంటబెట్టుకొని వచ్చింది. సాయంత్రానికి బడి గేటు దాకా మట్టి కనబడింది. సోమవారం పొద్దున లేచి చూస్తే మళ్లీ గుడ్ల పెంకులు.

“ముగ్గులేద్దాం” అంది అక్క. “ముగ్గు మీద చెత్త పోసెటోడు ఇంక పుట్టలే.”

మరుసటి రోజు తెల్లవారుజామునే పేడనీళ్ల అలుకు చల్లి, బాట నిండా ముగ్గులేశాం. చాయ్ హోటలాయన బకెట్ పట్టుకొచ్చి, ముగ్గు ముందర నిలబడిపోయాడు.

“గిట్ల జేస్తె నేనేడ పొయ్యాలె వదినె?”

“మీ ఇంట్లనే పోస్కో” అంది అక్క. ఆయన బకెట్‌తోనే వెనక్కి పోయాడు. మా నవ్వులు ఆగలేదు.

ఆ ధైర్యంతో అమ్మాయిని మొదటిసారి ఒంటరిగా పంపి, మా ఇంటి గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. మొదటి ముగ్గు దగ్గర అది ఆగింది. బుద్ధిగా పక్కకు దిగి, తారు రోడ్డెక్కింది. దాని వెనక వచ్చే పిల్లలంతా అదే దారి పట్టారు. లారీ హారన్ వినబడింది. చిన్నవాణ్ణి అక్క చేతిలో పెట్టి ఉరికాను. లారీ ఆగింది. అమ్మాయిని రెక్క పట్టుకొని పక్కకు లాగాను.

“ఎందుకు దిగినవే?”

“ముగ్గు తొక్కద్దని నువ్వే చెప్పినవ్ గదమ్మా.”

అది నడక నేర్చినప్పటి నుంచి చెబుతున్నాను. ఇంతమంది ఆడవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

అక్క బాట అంచున కూలబడింది. “చదువు నీది, తెలివి నాది. రెండూ కలిసి గింత పని జేసినయ్.”

ఆమె పక్కన కూర్చుంటే నాకు తోచింది. పిల్లలు ముగ్గు తొక్కరు. అయితే ముగ్గు ఉండాల్సింది వాళ్ల కాళ్ల కింద కాదు, వాళ్లకూ లారీలకూ మధ్య. మధ్యాహ్నానికల్లా నడుమ ముగ్గులన్నీ ఊడ్చేసి, బాటకు రెండు అంచులా సన్నటి ముగ్గులు వేశాం. “నాకు ముగ్గు రాదు, గీత వస్తది” అంటూ ఖాలా తాడు పట్టి, రోడ్డు వైపు బడిదాకా సున్నంతో సరిహద్దు గీసింది.

మరునాడు గేటు దగ్గరే నిలబడ్డాను. కాళ్లు ముందుకు లాగుతున్నా కదలలేదు. రెండు ముగ్గుల నడుమ పిల్లలు రైలు పెట్టెల్లా వరుసగా పోతున్నారు. పక్కనుంచి మక్కల లారీ పోయింది. ఒక్క పాదం కూడా గీత దాటలేదు. బడి గేటు దగ్గర మా అమ్మాయి వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

తర్వాత ప్రతి ఆదివారం ఊడ్చాం, ముగ్గులు దిద్దాం. చాయ్ హోటలాయన చెత్తకు హోటల్ వెనకే గుంత తవ్వుకున్నాడు. ఒకరోజు ఎవరో లారీ దిగి అరటి తొక్క విసరబోతే, “గది పోరగాండ్ల బాట, జర సూస్కో” అని ఆయనే గదమాయించాడు.

ఆ నెల క్యాసెట్‌లో లారీల సంగతి మా ఆయనకు మొదటిసారి చెప్పాను. నేను ముగించకముందే అక్క టేప్‌రికార్డర్ లాక్కుంది.

“మరిదీ, నీ పెండ్లాం లారీలను గెల్చింది. నువ్వు ఫికర్ జేయకు.”