ఆపీజు అంటే ఎవరు తాతా

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. జంషెడ్‌పూర్ ఉక్కు కార్ఖానాలో క్రేన్ల కింద బతుకు గడిపినవాణ్ణి. నెత్తిన టన్నుల ఇనుము వేలాడుతుంటే వేరే వాటికి భయపడే తీరిక ఎవరికుంటుంది?

కింద నిలబడి క్రేన్ డ్రైవరుకు కేకలతో చెప్పడం నా పని. దించాలంటే ‘ఆరియా’, ఎత్తాలంటే ‘హాఫీజ్’. ఓడల మీద నుంచి వచ్చిన మాటలంటారు. నా జోడీ అప్పన్న బావ. శ్రీకాకుళం నోటికి ‘హాఫీజ్’ తిరగక ‘ఆపీజు’ అనేవాడు. అందరూ నవ్వేవారు. కానీ నేను కేకేస్తే డ్రైవర్లు ఒకసారి అప్పన్న ముఖం చూసి గానీ క్రేన్ కదిపేవారు కాదు. అతను కేకేస్తే నా ముఖం ఎవరూ చూసేవారు కాదు. ఆ మంట నాకింకా ఆరలేదు.

అతను పోయాక, బారిడీహ్‌లో మా తెలుగువాళ్ల వినాయకుణ్ణి నీట్లో దించేటప్పుడు కేక నాదైంది. బావ కోసం ఏడ్చాను. కేక దక్కినందుకు సంతోషించాను కూడా.

ఆ కేకకే పిల్లలు ఎసరు పెట్టారు. వాలంటీర్లకు అద్దెవి కాక సొంత వాకీటాకీలు కొనాలట. అందరికన్నా గట్టిగా పట్టుబట్టింది షారోన్. బావ పోయిన తర్వాత కద్మా నుంచి మా వీధికొచ్చిన టీచరుగారి కూతురు. ఆయన్ని చూసి కూడా ఎరగదు.

“గుంపులో ఫోన్లు పనిచేయవు తాతా. అద్దె సెట్లు మౌకే పే ధోఖా దేతే హైఁ, సరిగ్గా సమయానికి మోసం చేస్తాయి” అంది.

“నా గొంతుండగా ఆ డబ్బాలెందుకే గుంటా? దీనికి చార్జింగు కూడా అక్కర్లేదు.”

“ఆఫ్ బటన్ కూడా లేదు కదా తాతా.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్లు కొరుక్కుంటూ.

ముందు చూద్దామని మొన్నటి నిమజ్జనానికి రెండు సెట్లు అరువు తెచ్చారు. ఒకటి రోడ్డు మీద క్రేన్ డ్రైవరు పక్కన షారోన్ చేతిలో, రెండోది నీటి ఒడ్డున నా చేతిలో. మిట్టమధ్యాహ్నం. విగ్రహం మెల్లగా దిగుతోంది. సరిగ్గా దాని కింద పంతులుగారు ఒంగి కలశం తీసుకుంటున్నారు. డ్రైవరుకు కనిపించరు.

నేను చూశాను. గుండెల నిండా గాలి పీల్చి “హాఫీజ్” అని ఒక్క కేక పెట్టాను. డప్పులు ఆగిపోయాయి. సువర్ణరేఖ నది అవతలి ఒడ్డున మేకలు బెదిరి చెల్లాచెదరయ్యాయి. విగ్రహం గాల్లోకి లేచింది. పంతులుగారు కలశంతో బయటికొచ్చారు.

తర్వాతి కమిటీ మీటింగులో ఇలాగే చెప్పాను, మేకలతో సహా.

“అయితే సెట్లు దేనికి, తాత చాలు” అని పెద్దలు తేల్చేయబోయారు. షారోన్ నా వైపు చూసి తల దించుకుంది. పంతులుగారు మాత్రం నవ్వుతూ, “వచ్చే ఏడు కూడా నేను ఒంగేది అక్కడే బాబూ. గొంతు జాగ్రత్తగా చూసుకోండి” అన్నారు.

ఆ మాటతో లేచి నిలబడ్డాను.

“మేకల్లేవు. కేకా లేదు. అలిగి సెట్టు ఆపేసి జేబులో పడేశాను. నీటికి వీపెట్టి టీ తాగుతున్నాను, ఈ సెట్లు దండగని ఒకాయనతో వాదిత్తూ. ఎనక్కి తిరిగేసరికి ఇగ్రహం పైకెళ్తంది. సెట్టులో ఇని డ్రైవరుకి సెప్పింది ఈ గుంట. నేనేటీ సెయ్యలేదు. కొనండర్రా.”

కొన్నారు.

సెట్టులో వినబడింది నా గొంతే కాబోలని, సిగ్గుపడి దాస్తున్నానని మీటింగులో అందరూ అనుకున్నారు. నేను దిద్దలేదు. నిమజ్జనం రోజున షారోన్ పరుగున వచ్చి నా జేబులోని సెట్టు తీసి చూసిన సంగతి వాళ్లకు తెలియదు.

“ఇది ఆఫ్‌లో ఉంది తాతా. మరి మాట్లాడిందెవరు? ఎవరో ముసలాయన ‘ఆపీజు, ఆపీజు’ అని తొందరగా అన్నాడు. ఎవరి పేరో అనుకుని నేనూ గట్టిగా పిలిచా. డ్రైవర్ భయ్యా ఉఠా దియా, వెంటనే పైకెత్తేశాడు. యే ఆపీజు కౌన్ హై తాతా?”

“ఎవడో అయ్యుంటాడులే” అన్నాను. చెప్పబుద్ధి కాలేదు.

పక్కవాళ్ల మాటలు ఆ సెట్లలో దూరడం మామూలేనని కుర్రాళ్లంటారు. కావచ్చు. ఆ పూట రేవు దగ్గర ఇంకో క్రేన్ లేదు. ఆ మాటను అలా పలికే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను.

కొన్నవాటిలో ఒక సెట్టు నాకిచ్చారు. మధ్యాహ్నాలు వసారాలో పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. పిల్లల గొంతులు వినిపిస్తాయి. బావ పలకడు. ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు తెలియదు. పక్కపక్కన నిలబడి జీవితమంతా కేకలేసిన నన్ను కాదని, తన మాటను మనిషి పేరనుకునే పిల్లకు ఎందుకు చెప్పాడో అసలే తెలియదు.

ముందు నన్నే పిలిచాడేమో. నా సెట్టు ఆఫ్‌లో ఉంది.