ఎడమ పాయ

తబితకు యాభై రెండేళ్ళు వచ్చినా ఎడమ ఏదో కుడి ఏదో ఠక్కున తెలియదు. పుట్టుకతో ఎడమచేతివాటం. బడిలో చేరిన ఏడాదే పాపాయమ్మ టీచరు ఆ చేతిని జడరిబ్బనుతో బెంచీకి కట్టేసి, కుడిచేత్తో అక్షరాలు దిద్దించింది. అప్పటినుంచీ ఎవరైనా ఎడమ అంటే ఆమెకు ముందు మణికట్టు గుర్తుకొస్తుంది, దిక్కు ఆ తరవాత. రామచంద్రపురం కోర్టులో టైపిస్టు ఉద్యోగం హాయిగా సాగింది, అక్కడ రెండు చేతులకీ పనే కాబట్టి. భర్త ప్రేమ్ కుమార్‌కూ అలవాటైపోయింది. స్కూటర్ వెనక కూర్చుని ఆమె "ఎడమకండీ" అంటే మారు మాట్లాడకుండా కుడికి తిప్పేవాడు.

అలాంటి మనిషిని మేనకోడలు సారిక ఒక రెండో శనివారం కాకినాడ పిలిచి కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ ఎక్కించింది. మడ అడవుల మధ్య పాయల్లో తిరిగి, అలలు లేని సముద్రం అంచుదాకా వెళ్ళిరావడం. మనిషికో లైఫ్ జాకెట్, ఇద్దరికో పడవ. సారిక స్నేహితురాలితో కూర్చుంది. తబితకు జోడీగా బట్టల కొట్టు నడిపే మీనాకుమారి అనే ఆవిడ దొరికింది. బరువు చూసి ఆమెను ముందూ, తబితను వెనకా కూర్చోబెట్టారు.

"వెనకున్నవాళ్ళే పడవ తిప్పాలండీ," అన్నాడు అందరినీ తీసుకెళ్తున్న సుకుమార్. "ఎడమవైపు తెడ్డు వేస్తే పడవ కుడికి తిరుగుద్ది. కుడివైపు వేస్తే ఎడమకి."

తబిత బిక్కమొహం వేసింది. ఉన్న తికమక చాలదన్నట్టు ఇదొకటి! పాయ రెండుగా చీలే మలుపులో సుకుమార్ "అందరూ ఎడమకి!" అని కేకేశాడు. ఆమె ఆలోచించి, సరిచూసుకుని, మళ్ళీ అనుమానపడి తెడ్డు వేసింది. పడవ చక్కగా కుడి పాయలోకి దూరిపోయింది. వెనక్కి తిప్పబోతే ఇంకా లోపలికి పోయింది.

కాసేపటికి మిగతావాళ్ళ మాటలు వినబడటం మానేశాయి. ఎటు చూసినా ఒకటే చెట్లు, బురదలోంచి పొడుచుకొచ్చిన ఒకటే వేళ్ళు.

"ఇందాక ఇటే వచ్చామండీ," అంది మీనాకుమారి ధీమాగా.

"ఇటంటే ఎటండీ?"

"నా చెయ్యి చూడండి!"

తబిత చూసింది. ఆమె రెండు చేతులూ తెడ్డు మీదే ఉన్నాయి. తబితకు నవ్వొచ్చింది. ఇలాంటప్పుడు నవ్వేంటని సిగ్గేసింది. ఏసయ్యా అనుకుందామంటే భయం ఉన్నట్టు లేదు. లేదనుకుందామంటే తెడ్డును రెండు చేతులా గట్టిగా పట్టేసుకుని ఉంది.

"పోనీ మీరు చెప్పండి, ఎటు పోదాం?" అంది మీనాకుమారి, ధీమా తగ్గి.

తబితను దారి అడిగినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. ఆమె తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది. పడవ ఆగలేదు. పోటు తగ్గి ఆటు మొదలైనట్టుంది, నీళ్ళు ఒకవైపుకి జారుతున్నాయి. వాటితో పడవా జారింది. వేళ్ళకు తగలబోయినప్పుడల్లా తబిత ఏ చెయ్యో చూసుకోకుండా తెడ్డుతో నెట్టింది. ఒకటి రెండు మలుపులు తిరిగాక చెట్లు ఉన్నట్టుండి అయిపోయాయి.

ముందంతా నీళ్ళే. అల లేదు, చప్పుడు లేదు. దూరాన హోప్ ఐలాండ్ సన్నటి గీతలా ఉంది.

"అమ్మబాబోయ్, సముద్రమండీ!" అంది మీనాకుమారి.

ఇద్దరూ నోరు తెరుచుకుని చూస్తుండగానే పక్కనుంచి ఈల వినబడింది. కాస్త అవతల ఇంకో పాయ నోట్లోంచి మిగతా పడవలు వస్తున్నాయి. సుకుమార్ గబగబా తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎటెళ్ళిపోయారండీ? ఎంత కంగారుపెట్టారు! పడవ తిప్పిందెవరు?"

"ఈవిడే!" అన్నారిద్దరూ ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

సారిక పడవ పక్కకు తెచ్చి తబిత భుజం పట్టుకుంది. "భయమేసిందా అత్తా?"

తబిత ఔనని తలూపి, కాదని అడ్డంగా ఊపి, "ఏమోనే, తెలీట్లేదు," అంది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఎందుకో ఆమెకే అంతుపట్టలేదు.

"వెనక్కి నా పడవకు తాడు కట్టుకుని వద్దురుగాని," అన్నాడు సుకుమార్.

"వద్దు బాబూ," అనేసింది తబిత. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఒక క్షణం తెల్లబోయింది. మీనాకుమారి వెనక్కి తిరిగి ఆమెకేసి అనుమానంగా చూసి, ఏమనుకుందో, తెడ్డు నీళ్ళలో దించింది.