పాఠానికి ముందే ప్రశ్నపత్రం

తడిసిన పత్తికి ఒక వాసన ఉంటుంది. గింజతో కలిసి నానిన దూది వాసన, కొంచెం పచ్చిగా, కొంచెం ముక్కిపోయినట్టుగా. ఈ మధ్యాహ్నం నుంచి అది నా చొక్కాను వదల్లేదు. నందిగామ శివార్లలోని జిన్నింగ్ మిల్లు గేటు బయట, ఒక రోజులో దించుకోగలిగినదానికి రెట్టింపు ట్రాక్టర్లు రోడ్డు వెంట నిలబడిపోయాయి. కప్పడానికి పట్టాలు చాలని బళ్ళ మీద సన్నటి జల్లు పడుతూనే ఉంది. ఏ రైతు ఏ రోజు పత్తి తేవాలో టోకెన్ ఇచ్చి మెసేజ్ పంపే ప్రోగ్రామ్ మా ఆఫీసుది. నిన్న సాయంత్రం దాన్ని మార్చింది నేను. అక్కడితో ఆగినా బాగుండేది. మిల్లు యార్డు మేనేజరు వెంకటేశ్వర్లు గారు అందరి ముందూ నిలదీసినప్పుడు, "కొత్తమ్మాయి సార్, ఇంకా నేర్చుకుంటోంది" అన్నాను. ఆ కొత్తమ్మాయి హసీనా నా పక్కనే నిలబడి ఉంది.

నిన్న వానకు యార్డు మూసేశారు. నిన్నటి టోకెన్లన్నీ ఈ రోజుకు జరపమని సాయంత్రం ఫోను వచ్చింది. నేను రెండు లైన్లు రాశాను. మా ప్రోగ్రామ్‌కు కాపలాగా టెస్టులు ఉంటాయి. అది ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే రాసిపెట్టుకుని, మార్పు చేసిన ప్రతిసారీ దాన్ని అడిగి చూసే చిన్న చిన్న ప్రోగ్రాములు అవి. సరిగ్గా చేస్తే తెర మీద పచ్చగా, లేకపోతే ఎర్రగా కనిపిస్తాయి. నిన్న ఒకటి ఎర్రగా వచ్చింది. నిండిన రోజుకు ఇంకో బండిని పంపకూడదని హసీనా రాసిన టెస్ట్ అది. "సార్, ఇది నిజమే చెప్తోందేమో, ఒక్కసారి చూద్దామా?" అంది. "బస్సు టైమవుతోందమ్మా, రేపు చూద్దాంలే" అని ఆ టెస్టును ఆపేసి మార్పును పంపేశాను. మెసేజ్‌లు వెళ్ళిపోయాయి.

"అయితే రేపట్నుంచి ఆ అమ్మాయి మా పని ముట్టుకోవద్దండి" అన్నారు మేనేజరు. హసీనా ఆరు నెలల ప్రొబేషను ఈ వారంతో ముగుస్తుంది. యార్డు పని తప్ప ఆమెకు ఇవ్వడానికి మా ఆఫీసులో వేరే పనేమీ లేదు. అంటే నేను అన్న ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో నా పక్కన చోటున్నా ఆమె వెళ్ళి ముందు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుంది. దారి పొడవునా నాకు రూతు మేడం గుర్తొస్తూనే ఉన్నారు.

మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. జగ్గయ్యపేటలో ఒక ఎరువుల కొట్టు పై అంతస్తులో ఆవిడ ఆఫీసు ఉండేది. నలుగురం పనిచేసేవాళ్ళం. అంతకుముందు ఇరవై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పారు. గొంతు దెబ్బతిని, గట్టిగా మాట్లాడితే పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాక బడి మానేసి, నలభై దాటిన వయసులో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఆవిడ మాట వినాలంటే కుర్చీ దగ్గరికి జరుపుకుని ముందుకు వంగాలి. అందుకే కాబోలు, ఆవిడ చెప్పినవి అంత బాగా గుర్తున్నాయి.

చేరిన మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి అడిగారు. "సుధాకరూ, నేను ఏ పాఠం మొదలుపెట్టినా ముందు దాని ప్రశ్నపత్రం రాసుకునేదాన్ని. ఎందుకో చెప్పు?"

"ముఖ్యమైనవి వదిలేయకుండా చెప్పడానికి మేడం."

"సగమే చెప్పావ్. పాఠం చెప్పాక ప్రశ్నలు రాస్తే, నేను చెప్పినవే అడుగుతా. చెప్పకుండా వదిలేసింది నాకు గుర్తే రాదు. పిల్లలందరికీ మంచి మార్కులొస్తయ్, నాకూ హాయిగా ఉంటది. కోడ్ కూడా అంతే. రాసేశాక టెస్ట్ రాస్తే నీ కోడ్‌కి వచ్చిన ప్రశ్నలే అడుగుతావ్."

తల ఊపాను కానీ ఎక్కలేదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో డిగ్రీ. ఒక బడి పంతులమ్మ నాకు ప్రోగ్రామ్ రాయడం నేర్పుతోందన్న చిన్నచూపు కూడా ఉండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని ఇలాంటి టోకెన్లదే, ఇంకో మిల్లుకు. ఆదివారం టోకెన్ ఇవ్వకూడదన్నది ఒక నియమం. నేను టెస్టులేవీ లేకుండా కోడ్ మొత్తం రాసేసి, అది ఆదివారం ఏం చేస్తుందో చూద్దామని ఆదివారం ఆఫీసుకు వచ్చాను. కింద కొట్టు వాళ్ళను లేపి తాళం తీయించి, మీట నొక్కి, టోకెన్ రాకపోవడం చూసి సంబరపడి ఇంటికి వెళ్ళాను. సోమవారం మేడం పిలిచారు.

"ఆదివారం ఆఫీసు తెరిచావంట? చర్చికి పోతుంటే కొట్టాయన చెప్పాడు. అంత పనేం పడింది?"

చెప్పాను. ఆవిడ నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. చాలాసేపు కదిలాయి. "మరి ఉగాది సెలవు చూడాలంటే ఉగాది దాకా ఆగుతావా? ఫిబ్రవరి ఇరవై తొమ్మిది సంగతేంటి నాయనా? అది చూసేదాకా నాలుగేళ్ళు నీకు జీతమియ్యాలా నేను?"

పక్క సీట్ల వాళ్ళు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం నవ్వు ఆపి, నా కోడ్ చూపించి నెమ్మదిగా అన్నారు. "ఇది లోపల కూర్చుని తనే గోడ గడియారం చూసుకుంటోంది. ఈ రోజు ఏ రోజో బయటి నుంచి మనం చెబితే వినదా? వింటే, ఏ రోజు కావాలంటే ఆ రోజు చెప్పి ఇప్పుడే అడగొచ్చుగా."

అది మంచి మాటేనని తెలుసు. అయినా పౌరుషానికి పోయి, అలాగే ఉంచి, నా పద్ధతిలోనే పరీక్షించడం మొదలుపెట్టాను. నా కోడ్ తేదీ చూసేది, రోజు నిర్ణయించేది, జాబితాలో రాసేది, రైతుకు మెసేజ్ కూడా పంపేది, అన్నీ ఒకే గుక్కలో. ఏదో ఒకటి పరీక్షించాలంటే అన్నీ నిజంగా జరగాల్సిందే. అలా చూస్తుండగా వత్సవాయిలోని ఒక రైతుకు, రేపు ఉదయం సరుకు తెమ్మని నిజమైన మెసేజ్ వెళ్ళిపోయింది. ఆయన తెచ్చారు. మిల్లు వాళ్ళు ఇంకా తమ పాత పుస్తకమే చూస్తున్నారు కాబట్టి, గేటు దగ్గర మీ పేరు లేదు పొమ్మన్నారు.

సంగతి తెలిశాక మేడం నన్ను తిట్టలేదు. "చెప్పులేసుకో" అన్నారు. ఇద్దరం బస్సెక్కి వత్సవాయి వెళ్ళాం. ఇంటి ముందు తిరిగొచ్చిన ట్రాక్టరు లోడుతోనే నిలబడి ఉంది. ఆ రైతు లేచి కూడా నిలబడలేదు. "తమాషాగా ఉందా మీకు? తెల్లారకముందే నలుగురిని పెట్టి లోడెత్తించా. ఎవడయ్యా ఆ మెసేజ్ కొట్టింది?"

నేను నేల చూపులు చూస్తున్నాను. మేడం ముందుకు వెళ్ళి, ఆ పోయిన గొంతుతోనే అన్నారు. "తప్పు నాదండి. ఈ అబ్బాయికి పని అప్పజెప్పే ముందు నేర్పాల్సింది నేర్పలేదు. మీకు రేపటికి టోకెన్ రాయించుకొచ్చా."

ఆయనకు సరిగా వినపడలేదు. దగ్గరికి వచ్చి, "గొంతు బాలేదా అమ్మా? కూర్చోండి, మజ్జిగ ఇప్పిస్తా" అన్నారు. కోపం అక్కడితో సగం దిగిపోయింది. నేర్పాల్సింది ఆవిడ మొదటి రోజే నేర్పారని నాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. బస్సులో ఆ ఊసే ఎత్తలేదు. పేట బస్టాండులో దిగాక మాత్రం, "రేపు పొద్దున నీ కోడ్‌ని ముక్కలు చేద్దాం" అన్నారు.

ముక్కలే చేశాం. ముందు ఆవిడ టెస్టులు రాయమన్నారు, లోపల కోడ్ లేకుండానే. ఒక తేదీ ఇస్తా, ఒక బండి ఇస్తా, ఏ రోజు రావాలో చెప్పు, అంతే. అలా అడగడానికి వీలుగా రాయాలంటే నిర్ణయించేది ఒకచోట, గుర్తుపెట్టుకునేది ఒకచోట, మెసేజ్ పంపేది ఇంకోచోట ఉండక తప్పలేదు. అంతకుముందు నేను రాసిన ఒక టెస్టు ముప్పై లైన్లుంది. దాన్ని చూపించి విసుక్కున్నాను. "టెస్టుని తిట్టకు" అన్నారు. "అది రాయడం కష్టమయిందంటే, నీ కోడ్ వాడటం ఎవరికైనా కష్టమేనని అర్థం. నీ కోడ్‌ని మొట్టమొదట వాడే మనిషి ఆ టెస్టే. దాని ఇబ్బంది విను." సాయంత్రానికి నా కోడ్ సగానికి తగ్గింది. ఉగాది, లీపు సంవత్సరం అన్నీ కన్ను మూసి తెరిచేలోపు చూసేశాం. మొదట ఒక్కొక్కటీ ఎర్రగా వస్తుంటే నా మొహం మాడిపోయేది. "ఎరుపు చూసి భయపడతావేంటి? ఇప్పుడు తెలిసింది నీకూ నాకే. ఇదే గేటు దగ్గర తెలిస్తే ఎంతమందికి తెలుస్తది?" అన్నారు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాను. టెస్ట్ ముందు రాయడమంటే నేను ఎక్కడెక్కడ తప్పగలనో పని మొదలుపెట్టకముందే ఒప్పుకోవడమని మెల్లగా అర్థమైంది. అది తెలివికి సంబంధించినది కాదు. తనమీద తనకు కాస్త అనుమానం ఉండాలి, అంతే. రెండేళ్ళ క్రితం ఆవిడ కన్నుమూశారు. నందిగామ ఆఫీసుకు మారిన నేను అప్పటికే సీనియర్‌ని. సీనియర్‌నయ్యాక పోగొట్టుకున్నది ఆ అనుమానమే.

ఆవిడ తనది కాని తప్పును తన మీద వేసుకున్నారు. నేను నాదైన తప్పును పక్కవాళ్ళ మీదికి తోశాను. ఆటో నందిగామలో ఆగాక హసీనా ఆఫీసు మెట్లెక్కింది. నేను ఎక్కలేదు. ఎదురు ఆటో ఎక్కి మళ్ళీ మిల్లుకు వెళ్ళాను. గేటు దగ్గర రైతులూ డ్రైవర్లూ అలాగే ఉన్నారు. అదే మంచిదనుకున్నాను. ఇందాక ఆ మాట వాళ్ళ ముందే అన్నాను కదా.

"సార్, మార్పు చేసింది నేను. అది తప్పని ఆ అమ్మాయి రాసిన టెస్ట్ చెబుతుంటే, ఆ టెస్టును ఆపేసింది కూడా నేనే" అన్నాను.

వెంకటేశ్వర్లు గారు నన్ను కిందికీ పైకీ చూశారు. "మరి అప్పుడు అట్లా అన్నావేందయ్యా?"

"భయమేసిందండి."

"భయమేస్తే ఆడపిల్ల మీద తోసేస్తావా?" అన్నారాయన. వెనక ట్రాక్టరు మీంచి ఒక రైతు అందుకున్నాడు. "పోనీలే సారూ, ఇయ్యాల ఒక్కడన్నా నేనేనన్నాడు. ముందు మా బళ్ళ సంగతి చూడండి." కొందరు నవ్వారు. నాకు ఆ నవ్వు న్యాయంగానే అనిపించింది. తడిసే బళ్ళను షెడ్డులోకి తీసుకోవడానికి మేనేజరు ఒప్పుకున్నారు. పట్టాలు లాగి కట్టడంలో నేనూ ఒక చెయ్యి వేశాను. "అమ్మాయిని రమ్మనండి. మీరే జాగ్రత్తగా ఉండండి" అన్నారు చివరికి.

ఆఫీసుకు వచ్చి జరిగింది జరిగినట్టు కాగితం మీద రాసి మా బాస్‌కు ఇచ్చాను. ఆయన చదివి కళ్ళజోడు తీశారు. "అయితే ప్రొబేషను ఎవరికి పెట్టాలి సుధాకర్ గారూ?" అన్నారు. హసీనా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద మాత్రం ఆయన అక్కడే సంతకం పెట్టారు.

ఆమె దగ్గరికి వెళ్ళి, మేనేజరుకీ బాస్‌కీ చెప్పేశానని అన్నాను. తల తిప్పకుండానే అంది. "అందరికీ చెప్పారు సార్. నాకు చెప్పలేదు."

నిజమే. కుర్చీ లాక్కుని కూర్చుని, తప్పు నాదేనని ఆమెకు చెప్పాను. ఆమె విన్నది, సరేనని మాత్రం అనలేదు. "ఆ టెస్ట్ మళ్ళీ తెరవండి" అంది. తెరిచాను. ఎర్రగా వచ్చింది. ఈసారి ఇద్దరం దాని మాట విన్నాం. కొత్త టోకెన్లు ఇచ్చేచోటే, రోజు నిండిందా అని చూసే నియమం ఉంది. నేను రాసిన రెండు లైన్లు అటు వెళ్ళకుండా పక్కదారిన దూరాయి. ఏ బండికి ఏ రోజో చెప్పేది ఒక్కటే ఉండేలా, కొత్తవీ జరిపినవీ దాన్నే అడిగేలా మార్చాం. అయితే మార్చే ముందు హసీనా ఇంకో టెస్ట్ రాసింది, వరసగా మూడు రోజులు వాన పడితే ఏం చేయాలని. నాకు తట్టనే లేదు అది.

పచ్చగా వచ్చాక, రోజు మారిన రైతుల జాబితా తీసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. మెసేజ్ పంపితే సరిపోయేది కానీ పంపలేదు. దాదాపు ప్రతివాళ్ళూ చివర్లో ఒకే మాట అడిగారు. "ఇంతకీ ఎవరు చేశారయ్యా ఈ పని?"

"నేనేనండి. నా పేరు సుధాకర్" అని, ఇంకేమన్నా అంటారేమోనని అడిగినవాళ్ళందరి దగ్గరా ఆగాను. కొందరు అన్నారు. విని, తర్వాతి నంబరు నొక్కాను.