గెంసాకు నోట్లో కాగితం

సెకి ఊళ్ళో కత్తులు చేసే గెంసాకు దగ్గర నేను నలభై ఒక్క ఏళ్ళు పెద్ద సుత్తి వేశాను. చదివింది ఆరో తరగతే. అయినా నా దెబ్బ తిన్న కత్తులు పదహారు గుళ్ళలో దేవుడి కానుకలుగా ఉన్నాయి. ఉక్కు మడతను అంత సమంగా కొట్టేవాడు ఈ వీధిలో ఇంకొకడు లేడని గెంసాకే ఒప్పుకున్నాడు. ఆయన పక్కవాణ్ణి మెచ్చుకోవడం నాకు తెలిసి అదొక్కసారే. మిగతా కాలమంతా తన ఉక్కునే పొగుడుకునేవాడు.

నోరు ఆగే మనిషి కాదు. కానీ ఇంట్లో ఒక నియమం పెట్టాడు. కత్తి ఒరలోంచి బయటికి వస్తే అందరూ పెదవుల మధ్య కాగితం పట్టుకోవాలి. తుంపర పడితే పాత ఉక్కు తుప్పు పడుతుంది మరి. అలా అందరి నోళ్ళూ మూయించి, తాను మాత్రం దూరంగా కూర్చుని మాట్లాడేవాడు.

పెద్ద కత్తులు కొనేవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. కొలిమి ఆరకుండా నిలబెట్టింది తొమీయో గారి మలుగు చేపల హోటలు. మిగిలిన ఉక్కుతో చేసిన చాకులు ముప్పై ఏళ్ళుగా ఆమే తీసుకునేది. అలాంటిది, చాకుల ఫ్యాక్టరీలో పనిచేసే గెంసాకు అల్లుడు మిచిహిరో ఆమెకు కొత్తరకం ఉక్కు చాకు చూపించాడు. ఎండాకాలంలో ఊరంతా మలుగు చేప తినే ‘ఎద్దు రోజు’ పండగనాడు రెంటితోనూ కోసి చూస్తాననీ, నెగ్గినదాన్నే ఇకమీదట వాడతాననీ ఆమె చెప్పింది. ఓడితే కొలిమి మూసుకోవలసిందే.

ఆ పొద్దున గెంసాకు వంటింట్లోకి వస్తూనే ఉపన్యాసం అందుకున్నాడు. తొమీయో గారు అన్నం తినే పుల్లలకు చుట్టే కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"చాకు బయటే ఉంది కదండీ గెంసాకు గారూ. మీ ఇంటి రూలేగా, పెట్టుకోండి."

తన నియమం తానే ఎలా కాదంటాడు? పెట్టుకున్నాడు.

చేపను పలకకు మేకుతో గుచ్చి కోస్తారు. గెంసాకు చేసిన పాత చాకు నలభయ్యో చేపకే మొద్దుబారింది. ఆమె రాయి మీద పదిసార్లు రుద్ది మళ్ళీ మొదలుపెట్టింది. కొత్తది ఎనభై చేపలదాకా వెన్నలో దిగినట్టు దిగింది. అంతసేపూ మిచిహిరో దాని గొప్పలు చెబుతూనే ఉన్నాడు. గెంసాకు మెడ ఎర్రబడింది. రెండు కాగితాలు నమిలేసి మూడోది మింగేశాడు. తొమీయో గారు నాలుగోది ఇచ్చింది.

ఎనభై మూడో చేప దగ్గర కొత్త చాకు మేకుకు తగిలింది. అంచున బియ్యపుగింజంత పెచ్చు ఊడింది. ఆమె రాయి మీద రుద్దింది. ఎంత రుద్దినా రాయే అరిగింది.

"ఫ్యాక్టరీకి పంపిద్దామండీ, గురువారానికల్లా వచ్చేస్తుంది," అన్నాడు మిచిహిరో.

"అప్పటిదాకా బయట ఉన్నవాళ్ళకి టీ పోస్తూ కూర్చోనా బాబూ?"

పాత చాకును కూడా ఆమె కావాలనే మేకుకు కొట్టింది. దానికీ నొక్కు పడింది. రాయి మీద పెట్టింది. అన్నం ఉడికేలోపు నొక్కు పోయింది.

"తుప్పు పడుతుంది, మాటిమాటికీ నూరాలి. అయినా నా రాయి మాట వింటుంది," అందామె. "చాకులు మీవే తీసుకుంటాను గెంసాకు గారూ. ఇవ్వడానికి వచ్చినప్పుడు మాత్రం కాగితం పెట్టుకుని రండి."

గెంసాకు తల ఊపాడు. కాగితం తీయలేదు.

ఇంటికి వచ్చే దారిలో, పొద్దుటినుంచి మింగిన మాటలన్నీ నా మీద పోశాడు. అన్నీ విన్నాను. ఈ వీధిలో ఆ పని చేతనైనవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.