గంగమ్మక్క బండికి ఏ ఇంజన్?

మారిషస్‌కు స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ల ముందు నన్ను పోర్ట్ లూయిస్‌లోని ఒక మోటారు కంపెనీ వర్క్‌షాపులో ఇంజన్ల విభాగానికి చార్జ్‌మన్‌గా వేశారు. చార్జ్‌మన్ అంటే మెకానిక్కులకు పైన, ఫోర్‌మన్‌కు కింద. ఇంజన్ విప్పాలా, అరిగిన సిలిండర్లు చెక్కి బోరు కొట్టాలా, మొత్తం మార్చాలా అని మొదట చెప్పేది అతనే. చివరి మాట మాత్రం మేనేజరుది. మా మేనేజరు ఇంగ్లండు నుంచి వచ్చిన ఇంజనీరు, పని బాగా తెలిసినవాడు. ఈ సంగతి ముందే చెప్పడం న్యాయం. మా మధ్య వచ్చిన గొడవ తెలివితేటల గురించి కాదు.

ఆ ఏడాది చెరకు కోతలు మొదలైన రోజుల్లో ఒక చిన్న పికప్‌ను లారీకి కట్టి లాక్కొచ్చారు. వెనక తొట్టిలో వంకాయలు, బెండకాయలు ఇంకా బుట్టల్లోనే ఉన్నాయి. స్టీరింగు ముందు నుంచి దిగింది గంగమ్మ, బాన్ అక్యూయ్ అనే ఊరి మనిషి. భర్త పోయాక ఆయన బండి నడపడం తానే నేర్చుకుంది. ఊళ్లో చిన్న రైతుల కూరగాయలను పోర్ట్ లూయిస్ బజారుకు చేరవేసేది. ఆడమనిషి బండి నడపడమేమిటని నవ్వినవాళ్లే తరవాత తమ బుట్టలు ఆమె బండిలో పెట్టసాగారు. అంతకు ముందు ఆ సరుకంతా ఫ్లాక్‌లో ఉండే ఒక లారీల కాంట్రాక్టరు మోసేవాడు. ఎప్పుడు తీసుకెళ్లాలో, ఏ ధరకు వదిలించుకోవాలో అన్నీ అతని ఇష్టం.

మోకా వైపు ఎత్తు ఎక్కుతుండగా రేడియేటర్ గొట్టం పగిలి, నీళ్లన్నీ పోయి ఇంజన్ బిగుసుకుపోయింది. హెడ్ విప్పి చూశాను. రెండు సిలిండర్ల మధ్య బ్లాకు చీలి ఉంది. బ్లాకు అంటే సిలిండర్లన్నిటినీ పట్టి ఉంచే పోత ఇనుప దిమ్మ. అక్కడ చీలితే అతుకు నిలవదు, ఇంజన్ మార్చాల్సిందే.

అదే రకం కొత్త ఇంజన్ ఓడలో రావాలి. ఎప్పుడొస్తుందో కంపెనీలో ఎవరూ చెప్పలేకపోయారు. మేనేజరు నన్ను తన గదిలోకి పిలిచి, ఆ బండి మీద ఇక ఏం పెట్టినా దండగని ఆమెకు చెప్పమన్నాడు. ఉన్నదున్నట్టు కొనడానికి ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడట. ఎవరని అడిగాను. ఫ్లాక్ కాంట్రాక్టరు. అతను ఏటా మా కంపెనీ దగ్గరే లారీలు కొనేవాడు.

ఆ మాటను మేనేజరు మాటగానే గంగమ్మకు చేరవేశాను, నా సలహాగా చెప్పలేదు. కొనేదెవరని ఆమె కూడా అడిగింది. చెప్పాను.

"వాడా! మో పా పూ వాన్, తమ్ముడూ. అమ్మను. తుప్పు పట్టి పోయినా నా కామ్యొనెట్ నా వాకిట్లోనే పోవాలి," అంది, సగం మా దీవి క్రియోల్‌లో, సగం తెలుగులో. పికప్‌ను మా దీవిలో కామ్యొనెట్ అనే అంటాం. బానెట్ మీద చెయ్యి వేసి, "వాళ్ల మాట విన్నాను. ఇప్పుడు నీ మాట చెప్పు. దీనికి ఇంకో ఇంజన్ పట్టదా?" అని అడిగింది.

పడుతుందని నాకు తెలుసు. ఏది పడుతుందన్నదే చూడాలి.

ఆమె మరిది నారాయణ అప్పటికే ఒకటి చూసిపెట్టాడు. ఎస్టేటు దొర పాత కారులోది, ఆరు సిలిండర్లది. దానితో ఎత్తు మీద ఎగిరిపోవచ్చని అతని ఉత్సాహం. వెళ్లి కొలతలు తీశాను. ముందు స్ప్రింగులు ఆ బరువుకు కుంగిపోతాయి, స్టీరింగు తిప్పడానికి ఇద్దరు కావాలి, చిన్న ఇంజన్ కోసం చేసిన గేర్ల పళ్లు కొద్ది నెలల్లో రాలిపోతాయి. వద్దన్నాను. నాకు పిరికితనమని నారాయణ అన్నాడు. నేను అతన్ని వదిలి గంగమ్మను అడిగాను.

"ఎత్తు మీద ఏ గేరులో ఎక్కుతావక్కా?"

"రెండులో. నిండుగా ఉంటే ఒకటిలో. అప్పుడు వెనక బస్సులోళ్లంతా నన్ను తిడతారు."

అసలు అవసరం ఆ జవాబులో ఉంది. ఆమెకు కావలసింది వేగం కాదు, తక్కువ తిరుగుడులో లాగే బలం. రివియేర్ దు రాంపార్ దగ్గర బోల్తాపడి పక్కన పెట్టిన ఒక టాక్సీ గుర్తొచ్చింది. దాని ఇంజన్ ఆమె ఇంజన్ జాతిదే, బోరు, అంటే సిలిండర్ వెడల్పు, కాస్త పెద్దది. బోల్టులు అవే చోట పడతాయి, పాత గేర్‌బాక్సుకే తగులుతుంది. ప్లగ్గులు తీసి గేజీ పెట్టి ఒక్కో సిలిండర్ ఒత్తిడి చూశాను. నాలుగూ దాదాపు సమానంగా ఉన్నాయి. ఇంజన్ అడుగున నూనె తొట్టి విప్పి బేరింగులు చూశాను, క్రాంకు షాఫ్టును మైక్రోమీటరుతో కొలిచాను. అరుగుదల హద్దుల్లోనే ఉంది. ఇదే తీసుకోమన్నాను. కొత్త క్లచ్ ప్లేటు వేయాలని, రేడియేటర్ విప్పి శుభ్రం చేయించాలని కూడా చెప్పాను.

మేనేజరు ఆ ఇంజన్‌ను మా గేటులోకి రానివ్వనన్నాడు. ఆ మోడలుకు కంపెనీ ఒప్పుకున్న ఇంజన్ అది కాదట. దానిలో ఏది సరిపోదో చెప్పమని అడిగాను. సరిపోతుందో లేదో కాదు ఇక్కడి ప్రశ్న అన్నాడు. నాకు ఉన్న ప్రశ్న అదొక్కటే అన్నాను. కంపెనీ నిర్ణయానికి ఎదురు పనిచేసేవాడు చార్జ్‌మన్‌గా ఉండలేడని ఆయన నెమ్మదిగానే చెప్పాడు. ఆదివారం పిటాన్‌లో మా మామ షెడ్డులో ఆ ఇంజన్ ఎక్కించబోతున్నానని నేనూ నెమ్మదిగానే చెప్పి వచ్చేశాను.

అలాగే చేశాను. పికప్‌ను ముందురోజే లారీకి కట్టి అక్కడికి లాగించాం. దూలానికి గొలుసు కప్పి కట్టి ఇంజన్ దించాం. నారాయణ అలక మాని గొలుసు లాగాడు. గంగమ్మ పాత గాస్కెట్లు గీకి, కడిగిన బోల్టులన్నీ వరసగా పెట్టింది. చేతులు నల్లగా అయ్యాయని మా అత్త సబ్బు తెచ్చిస్తే, బండి కదిలాక కడుక్కుంటానంది.

సోమవారం నేను వర్క్‌షాపుకు వెళ్లేసరికి నా బల్ల దగ్గర ఇంకొకరు ఉన్నారు. మళ్లీ మామూలు మెకానిక్కుగా చేరతావా, వెళ్లిపోతావా అని అడిగారు. నా పనిముట్ల పెట్టె తీసుకుని బస్సెక్కాను. ఇంటికి వెళ్లి చెబితే నా భార్య, "అన్నీ తెచ్చుకున్నావా?" అని మాత్రం అడిగింది. భయం నాకు లేకపోలేదు. పశ్చాత్తాపం మాత్రం లేదు.

ఇంజన్ నంబరు మారితే బండిని సర్కారు తనిఖీకి తీసుకెళ్లాలి. అది కాకుండా రోడ్డెక్కకూడదు. తనిఖీ చేసే అధికారి బానెట్ ఎత్తకముందే, ఈ బండి ప్రమాదకరమని ఎవరో ముందుగా చెప్పి వెళ్లారని అన్నాడు. గంగమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "చెప్పినోణ్ణి పిలవండి, నా పక్కన కూర్చుంటాడు. నడిపేది నేనే. ప్రమాదమైతే ముందు పోయేది నేనే కదా!" అంది.

అధికారి నవ్వలేదు. తొట్టి నిండా ఇసుక బస్తాలు వేయించి, ఎత్తు ఎక్కించి దింపించాడు. బలం పెరిగింది కాబట్టి పాత బ్రేకులు ఆపగలవా అన్నది అతని అనుమానం. ఆ అనుమానం సరైనదే. అందుకే ముందే బ్రేకు లైనింగులన్నీ మార్చి ఉంచాను. గంగమ్మ దిగువలో అతను చెయ్యెత్తిన చోటల్లా ఆపింది. అయినా బండి నెగ్గలేదు. పెట్రోలు గొట్టం పొగ గొట్టానికి మరీ దగ్గరగా ఉందని పట్టుకున్నాడు. అది నా కంట పడాల్సిన లోపం. అక్కడే ఆవరణలో గొట్టం వంచి, దూరంగా జరిపి, క్లాంపు బిగించి మళ్లీ చూపించాను. ఈసారి ఒప్పుకున్నాడు. కారణం చూపించి కాదన్నాడు, ఆ కారణం తీరగానే అవునన్నాడు. మా మేనేజరు నుంచి నేను అడిగిందీ అంతే.

మర్నాడు గంగమ్మ నిండు బండితో రెండో గేరులోనే మోకా ఎత్తు ఎక్కింది. రైతులు దిగివస్తారని కాంట్రాక్టరు ఆ ఊరికి తన లారీ పంపడమే కొంతకాలం మానేసి చూశాడు. రైతులు అతని కోసం ఎదురుచూడలేదు. పిటాన్‌లో ఆ షెడ్డే నా గ్యారేజీ అయింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ కాంట్రాక్టరు లారీలు కూడా అక్కడికే వచ్చాయి. అందరికీ చేసినట్టే చేశాను. గంగమ్మకు తప్ప ఎవరికీ వరస దాటించి ముందు చేయలేదు.

ముప్పై ఏళ్లకు పైగా ఇంజన్లు మార్చాను. ఎవరు వచ్చి ఏ ఇంజన్ వేయాలని అడిగినా, ఏం మోస్తావు, ఏ దారిన వెళ్తావు అనే ముందు అడిగాను. ఇంజన్‌ను బండికే కాదు, నడిపేవాళ్ల పనికి కూడా సరిపెట్టాలి. వద్దన్నవాణ్ణి ఎందుకు వద్దో అడగాలి. చెబితే వినాలి, చెప్పలేకపోతే పని మొదలుపెట్టాలి.