టేపులో పెద్దయ్య

మా మేనమామ జన్మలో నాగలి పట్టలేదు. అయినా సాయంత్రం రేడియోలో రైతుల కార్యక్రమం మొదలయ్యేసరికి ఆయనే పెద్దయ్య. అధికారులు రాసిచ్చిన ఎరువుల సంగతులూ తెగుళ్ళ సంగతులూ, తమ్ముడి వేషం కట్టిన ఇంకొకాయనతో పరాచికాలాడుతూ చెప్పేవాడు. ఆయన దగ్గితే జనం నవ్వేవాళ్ళు, విత్తమంటే విత్తేవాళ్ళు. దారిలో ఎవరైనా ఆపి పురుగుమందు గురించి అడిగితే మాత్రం బిక్కమొహం వేసేవాడు. "చేతిలో కాగితం లేకపోతే నేను సున్నా అమ్మాయ్" అనేవాడు మా అమ్మతో.

ఆ కార్యక్రమాన్ని రెండు రోజుల ముందే టేపు మీద ఎక్కించేవారు. వినేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. పెద్దయ్య అప్పుడే ఆకాశం చూసి చెబుతున్నాడనుకునేవాళ్ళు.

ఒకసారి వరికోతలప్పుడు సెలవు పెట్టి మా ఇంటికొచ్చాడు. కోసిన పనలు ఇంకా చేలల్లోనే పరిచి ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక పడమట నల్లగా కమ్ముకొచ్చింది. అది చూసి మామయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆ సాయంత్రం టేపులో తనేం చెప్పబోతున్నాడో ఆయనకు కంఠతా వచ్చు. వానల్లేవు, పనలు కదపకండి, ఇంకా ఎండనివ్వండి.

సొసైటీ ఆఫీసుకు పరుగెత్తి రేడియో స్టేషనుకు ఫోను చేశాడు.

"ఆఫీసరుగారు ఊళ్ళో లేరండీ. ఆయన చెప్పందే టేపు ఆపితే నా ఉద్యోగం ఊడుతుంది" అన్నాడు డ్యూటీలో ఉన్నతను.

"అది నా గొంతేనయ్యా!" అని అరిచాడు మామయ్య. గొంతు ఆయనదే కావచ్చు, టేపు ఆఫీసుది.

తిరిగొచ్చేసరికి మా వసారా నిండా జనం. పెద్దయ్యను పక్కన కూర్చోబెట్టుకుని పెద్దయ్యను వినాలని వాళ్ళ సరదా. "కుప్పలు వేసుకోండయ్యా, వానొస్తోంది" అని మామయ్య వాళ్ళ చేతులు పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే రేడియో అందుకుంది: "ఒరే తమ్ముడూ, మబ్బు తునక చూసి బెదిరితే నువ్వేం రైతువిరా! పనల జోలికి పోకు."

అందరూ పకపకా నవ్వారు. "ఇద్దరు పెద్దయ్యల్లో ఎవరి మాట వినమంటావ్?" అన్నాడు మా పక్కచేను రైతు. మామయ్య దండం పెడితే ఇంకా నవ్వారు. ఆ నవ్వులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"బావగారూ, మీ హాస్యానికి వేళాపాళా లేదండీ" అన్నాడు మా నాన్న కూడా.

అమ్మ మాత్రం నవ్వలేదు. తన అన్నయ్య దండం పెట్టిన చేతులు దించకపోవడం చూసింది. కొంగు బిగించి, "లేవండి, చేలోకి పదండి" అని నాన్నను లేవదీసింది.

మా ఇంట్లోవాళ్ళం అందరం కలిసి పనలు మోసి కుప్ప వేశాం. మామయ్య అరచేతులు గీరుకుపోయి నెత్తురు వచ్చింది. పట్టా కప్పి ఆఖరి తాడు కడుతుండగా వాన దంచికొట్టింది. చుట్టూ చేలల్లో జనం కేకలు వేస్తూ పరుగెత్తుతున్నారు. అప్పటికే పనలు నీళ్ళలో తేలుతున్నాయి.

నాన్న మొహం తుడుచుకుని, "గండం గడిచింది బావగారూ" అన్నాడు.

మామయ్య బురదలో చతికిలబడ్డాడు.

"మీకు గడిచింది బావా. మిగతా ఊళ్ళన్నీ నా మాట విన్నాయి" అన్నాడు.